తొట్టి నిండే లోపు

ట్యాంకరు రావడం ఆలస్యమైంది కాబట్టి ఆరాధన ఆలస్యమైంది, ఆరాధన ఆలస్యమైంది కాబట్టి నాకు బల్ల మీద కూర్చుని భయపడటానికి ఒక గంట అదనంగా దొరికింది, దేవునికి స్తోత్రం. చర్చి కిటికీ ఊచల మధ్యనుంచి లావుపాటి నీలం గొట్టం లోపలికొచ్చి, వేదిక అంచు మీదుగా పాకి, చెక్కపలకలు తీసేసిన చోట సిమెంటు తొట్టిలోకి తల వంచి నీళ్ళు కక్కుతోంది. మామూలు ఆదివారాల్లో ఆ పలకల మీదే నిలబడి మా అబ్రహాం అయ్యగారు ప్రసంగం చేస్తారు. ఆయన కాళ్ళ కింద అంత గొయ్యి ఉందన్న సంగతి బాప్తిస్మాల రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు అడుగు మెట్టు మునిగింది. పక్కగదిలో, రోసమ్మగారు ఇస్త్రీ చేసి తెచ్చిన తెల్లబట్టలు వేసుకుని, మిగతా పిల్లలతోపాటు నా కూతురు జెరూషా కూర్చుని ఉంది. నీళ్ళు నిండాక దాన్ని ఆ తొట్టిలో వెల్లకిలా వాల్చి, తల మునిగేదాకా ముంచి లేపుతారు. దానికి నీళ్ళంటే భయం. బల్లికి భయపడినట్టు కాదు. మగ్గుతో తలమీద పోసుకునేటప్పుడు కూడా కళ్ళు మూయదు, సబ్బు నురగ పడి కళ్ళు చింతనిప్పులైనా మూయదు. మూస్తే, ఆ మూసినంతసేపట్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలియదు కదా.

నాకూ తెలియట్లేదు, ఇక్కణ్ణుంచి మెట్లు సగమే కనబడుతున్నాయి, మెడ చాచినప్పుడల్లా పక్కనున్న మా ఆయన ఐజాక్ మోచేత్తో పొడుస్తున్నాడు. లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసే మనిషి, లోకంలో ప్రతిదానికీ ఒక కొలత ఉంటుందని ఆయన నమ్మకం. "కృపా, నువ్వు తొంగి చూసినంత మాత్రాన తొందరగా నిండదు," అన్నాడు. తొందరగా నిండాలని ఎవరేడ్చారు? ఆ మాట పైకి అనలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను అనకుండా మింగిన మాటలన్నీ పోస్తే ఈ తొట్టి ట్యాంకరు లేకుండానే నిండేది. కిటికీ అవతల ట్యాంకరు తిరుమల్, గేటు దగ్గరుండే సదాశివతో హాయిగా ముచ్చట్లు పెట్టాడు. "ఏందన్నా, మొన్న వానకాలం గీ గల్లీలల్లనే పడవలేసుకొని తిరిగిన్రు, గిప్పుడు నీళ్ళకు నన్ను పిల్వబట్టిరి. గప్పుడే జెర దాసుకుంటే అయిపోవు గద!" "గప్పటి నీళ్ళల్ల ముంచితే పాపాలు పోవుడు సంగతి దేవుడెరుగు, ఇంకో నాలుగు అంటుకుంటుండె," అని సదాశివ. సండేస్కూల్లో ఇన్నేళ్ళు నేర్పిన పాఠాలన్నిటికంటే ఇది సూటిగా ఉంది. ఇదీ మా ఊరు. సెప్టెంబరులో మునుగుతాం, ఏప్రిల్లో కొనుక్కుంటాం. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి మా మీదకే తోస్తున్నాయి, ముందు బల్లలో ఎవరో చంటిపిల్ల ఆ నీళ్ళ చప్పుడుకి కేరింతలు కొడుతోంది, పక్కగది తలుపు వారగా తెరిచి ఉంది. అది తెరిపించింది మా జెరూషాయే అయి ఉంటుంది. మూసిన గదుల్లో అది కూర్చోదు.

అసలు ఇది నేను పెట్టిన ముచ్చట కాదు. పోయిన క్రిస్మస్ దాటాక ఓ మధ్యాహ్నం, మోండా మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలకు ఇద్దరం ఈనెలు తీస్తున్నాం, "మమ్మీ, ఈసారి నేనూ పేరిస్తున్నా," అంది. "దేనికే, త్రోబాల్‌కా?" "బాప్తిస్మానికి." నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నీళ్ళేమో..." "నీళ్ళని తెలుసు." "ఆ భయం కాస్త తగ్గాక చూద్దాంలే, ఎవరు తరుముతున్నారు?" అది ఈనె లాగడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. "వాన ఇంక ప్రతి ఏడూ వస్తది మమ్మీ. నీళ్ళు తగ్గినంక బతుకుదాం అనుకుంటే ఎప్పుడు బతుకుతం?" దాని వయసులో నేను అద్దంలో మొటిమలు చూసుకునేదాన్ని, ఇది ఫోనులో మబ్బులు చూసుకుంటుంది. ఏ చెరువు ఎంత నిండింది, ఏ గేట్లు ఎత్తారు, ఏ పేటలో ఎంత పడింది, అదీ దాని స్నేహితులూ మేం సినిమా ఆటల వేళలు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. పెద్ద నీళ్ళ ముందు, పెద్ద నీళ్ళ తరువాత, అలా ఉంటాయి వాళ్ళ పురాణాలు. ఆ చిక్కుడుకాయ కూరలో ఈనెలు చాలా వచ్చాయని ఐజాక్ ఆ రాత్రి భోజనంలో సణిగాడు, అవన్నీ నా వాటావే.

దానికి చెప్పకుండా అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. "తలమీద కాసిని చిలకరిస్తే సరిపోదా అండీ? మా పిన్ని వాళ్ళ సంఘంలో అలాగే చేస్తారు. వాళ్ళూ పరలోకానికే పోతున్నారు కదా, మధ్యలో వేరే స్టేషన్లో దించేయట్లేదు కదా." అబ్రహాం అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, నవ్వు దాచుకోవడానికి ఆయనకున్న పద్ధతి అది. "కృపమ్మా, నీకంటే ముందు ఆ మాట మీ అమ్మాయినే అడిగాను. సగం సగం వద్దు పాస్టరంకుల్ అంది. మెట్ల మీద ఆగిపోతే ఏం చేస్తావమ్మా అంటే, కాసేపు ఆగుతా, మీకేమైనా పనుందా అంది." ఈ నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందోనని ఆయన నా వైపు చూశారు. నేను గోడమీది క్యాలెండరు చూశాను. అయితే ఆగిపోతుందని ఆయనా అనుకున్నారన్నమాట. ఆగిపోతే, ఇంతమంది ఎదుట తడిబట్టలతో వెనక్కి ఎక్కి వస్తే, మాకు సిగ్గని కాదు, మేం సిగ్గుకు ఎప్పుడో అలవాటుపడ్డాం. అది తనంతట తాను వేసిన మొదటి అడుగు. అది వెనక్కి పడితే రెండో అడుగు ఎప్పుడు వేస్తుందో. పైకి చెప్పుకోలేని భయం అదీ. ఆ పై మెట్టు కూడా మునిగింది. నీళ్ళు ఎక్కే చప్పుడు మారుతోంది. ముందు సిమెంటు మీద చెంపదెబ్బల్లా పడ్డాయి, ఇప్పుడు నీళ్ళల్లో నీళ్ళు పడుతున్నాయి, బుడబుడమని. ఆ బుడబుడలు నాకు తెలుసు. దానికి ఇంకా బాగా తెలుసు.

సీతాఫల్‌మండిలో మురుగు నాలా వెనక గల్లీ మాది, కింద వాటా మాది, పై వాటా లోవమ్మగారిది. తుని పక్క నుంచి కొడుకు కన్నబాబు ఉద్యోగం వెంట వచ్చారావిడ. ఆవిడ బట్టలు పిండరు. పిండితే నేత చచ్చిపోతుందట. జాడించి జాడించినట్టే దండెం మీద వేస్తారు, ఆ నీళ్ళన్నీ ధారకట్టి కింద నేను ఆరేసుకున్న దుప్పట్ల మీద పడతాయి. చెప్పాను. చెప్పినకొద్దీ ధార పెరిగింది. దాంతో మాటలు ఆగిపోయాయి, ఏడాది పైమాటే. మెట్ల దగ్గర ఎదురైతే ఆవిడ ఆకాశం చూసేవారు, నేను చెప్పులు చూసుకునేదాన్ని. నేనేమీ తక్కువ తినలేదు, ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళకి సరిగ్గా పిల్లల్ని పోగేసి క్రిస్మస్ పాటలు సాధన చేయించేదాన్ని, జూలై నెలలో. మూడేళ్ళ కిందట, ఆ సెప్టెంబరు మధ్యాహ్నం వాన పడుతున్నట్టు లేదు, పైన ఎవరో గంగాళం బోర్లించి మరిచిపోయినట్టుంది. నీళ్ళు వస్తే వీధి గుమ్మంలోంచి వస్తాయి కదా అని గోనెపట్టాలు అడ్డం పెట్టి కాపలా కాస్తున్నాను. అంత మర్యాద వాటికెక్కడిది? బాత్‌రూం తూములోంచి, బుడబుడమంటూ, కింది ఊరంతా పైకి తన్నుకొచ్చింది. ఆ బాత్‌రూంలో గడియపెట్టుకుని జెరూషా ఉంది. "తియ్యమ్మా, నీళ్ళొస్తున్నాయి" అంటే "తియ్యను, నాకేదో అయింది, రక్తం" అంది. పన్నెండేళ్ళ పిల్ల. నాకు తలుపు ఇవతలే అర్థమైంది. దానికి భయమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. సిగ్గు తగ్గి గడియ తీసేసరికి తలుపు రాలేదు, లోపలికి తెరుచుకునే తలుపు, లోపల్నుంచి నీళ్ళు దాన్ని అదిమి పెట్టాయి. మమ్మీ మోకాలొచ్చింది అంది. మమ్మీ ఇంకా పైకి అంది. నేనేం చేశాను? తలుపు తట్టాను. ప్రార్థించాను, బతిమాలాను, ఇంకా తట్టాను, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళినదానిలా.

అప్పుడు వెనకనుంచి, ఏడాదిగా వినని గొంతు. "ఓలమ్మో! తలుపుకి దండం ఎడతన్నావేటి కిరపమ్మా? తన్నూ!" లోవమ్మగారు చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని మోకాళ్ళ నీళ్ళలో నిలబడి ఉన్నారు. నేను తన్నేలోపు ఆవిడే తన్నారు. ప్లాస్టిక్ తలుపు, కింది భాగం ఎప్పుడో పెళుసెక్కి ఉంది, దాన్ని మార్పించమని నేను ఐజాక్‌ను పోరుతూనే ఉన్నాను, ఆయన మార్పించకపోవడం కూడా దేవుని ప్రణాళికేనని ఆయన తరువాత సాక్ష్యం చెప్పుకున్నాడు. రెండో తాపుకి రేకు పగిలింది. లోపల్నుంచి నీళ్ళూ, బకెట్టూ, సబ్బుపెట్టె, వాటి వెనక నా కూతురూ బయటపడ్డారు. ఆవిడ దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే వెనకాల నేను, చేతిలో ఎందుకో తెలియదు, సబ్బుపెట్టె పట్టుకుని.

పైన దాని తల తుడిచి, తన పాత నేతచీర చుట్టబెడుతుంటే సంగతి తెలిసింది, ఆ మరుక్షణం లోవమ్మగారి మొహం వెలిగిపోయింది. కింద మా ఫ్రిజ్ తేలుతోంది, గల్లీలో ఎవరిదో స్కూటరు కొట్టుకుపోతోంది, ఈవిడ అటకమీంచి ఈతాకుల చాప దింపుతున్నారు. "పిల్ల పెద్దమడిసయ్యింది కిరపమ్మా! మూలన కూకోబెట్టాల. నువ్వు ముట్టుకోమాక." "మాకు ఇలాంటివి లేవండీ," అన్నాను, ఏడాది తరువాత నేను ఆవిడతో అన్న మొదటి మాట అది. "మీకు నేకపోతే నాకున్నాయి. ఈ ఇల్లెవురిది?" "మరి మీరే ఎత్తుకుని తెచ్చారు కదా?" ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "అది సాప ఎయ్యకముందు." వకీళ్ళు కూడా అంత చక్కగా తేల్చలేరు. కాలేజీలో ఇలాంటి ఆచారాల మీద వక్తృత్వపు పోటీలో దుమ్మెత్తిపోసి కప్పు గెలుచుకున్నదాన్ని నేను, ఆ కప్పు అప్పుడు కింద అలమరలో మునుగుతోంది. వచ్చిన వాళ్ళూ పోయిన వాళ్ళూ, పక్కింటి వాళ్ళూ వాళ్ళ కోడిపెట్టలూ, అందరం ఎక్కి ఆ ఇల్లంతా తడిపేశాం, ఎవరూ అడుగుపెట్టకూడని ఆ చాప ఒక్కటే పొడిగా మిగిలింది, దాని మీద నా కూతురు రాణీలా కూర్చుంది. కరెంటు లేదు. లోవమ్మగారు రోట్లో నువ్వులూ బెల్లమూ వేసి చిమ్మిలి దంచుతున్నారు, ధన్, ధన్, ధన్, వాన చప్పుడు మీద ఆ రోకలి చప్పుడు. నేనైతే ఏం చేసేదాన్ని? బయాలజీ పుస్తకంలో బొమ్మ చూపించి, ఒక ప్యాకెట్ చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పకు అనేదాన్ని. మా అమ్మ నాకు అదే చేసింది, బొమ్మ కూడా లేకుండా. ఊరు మునుగుతుంటే నా కూతురికి ఒక మనిషి తీపి దంచి పెట్టింది, సిగ్గుపడాల్సిందేం కాలేదే పిచ్చిదానా, పండగే అయింది అని చెప్పింది. మొదటి ఉండ తినేదాకా దాని పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. రెండో ఉండకి ఆగాయి. మూడోది నన్నడక్కుండానే తీసుకుంది.

సాయంత్రానికి నడుములోతు నీళ్ళలో, నెత్తిమీద టిఫిన్ క్యారియరు పెట్టుకుని ఐజాక్ వచ్చాడు. మునిగిన గుమ్మం ఎదుట నిలబడి మా పేర్లు పెట్టి అరుస్తున్న ఆ గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు, ఆ గొంతు విన్నందుకే ఈయనకి చాలా మాటలు అనకుండా వదిలేస్తుంటాను. లోవమ్మగారు పిట్టగోడ మీంచి వంగి, "బాబూ, అందురూ పైనున్నారు! పిల్ల పెద్దమడిసయ్యింది, మగోళ్ళు కిందే ఉండాల!" అన్నారు. కింద ఎక్కడ? నాకు నవ్వొచ్చింది. ఇల్లు పోయిన రోజున పొట్ట పట్టుకుని నవ్వాను, మూలన చాప మీద జెరూషా కూడా నవ్వింది. చివరికి ఆయన్ని పైమెట్టు మీద, ఇటు వీపు పెట్టి కూర్చోవడానికి ఒప్పుకున్నారు.

నీళ్ళు పోయాయి. గోడమీద గీత మిగిలింది, దాని మీద రెండుసార్లు సున్నం వేసినా వానాకాలం రాగానే మళ్ళీ కనబడుతుంది. జెరూషాలో కూడా ఒక గీత మిగిలింది. తూము మీద ఇటుక పెట్టందే స్నానానికి వెళ్ళదు, తలుపు జానెడు తెరిచి ఉంచుకుంటుంది, మబ్బు పడితే క్లాసులో కాళ్ళు బెంచీమీద పెట్టుకుంటుందని టీచరు పిలిపించి చెప్పింది. ఐజాక్ లాలాగూడలో ఎత్తు మీద క్వార్టరు చూశాడు. ఈ రోజుల్లో ఇల్లు చూడబోతే వాస్తు ఎవరడుగుతున్నారు, గోడ మీద మరక ఎంత ఎత్తుందో అడుగుతున్నారు. అక్కడ మరకే లేదు. జెరూషా రానంది. "అక్కడ పైన మామ్మ ఉండదు కదా," అంది. అంతే, ఉండిపోయాం. లోవమ్మగారితో మళ్ళీ బట్టల నీళ్ళ పోట్లాట మొదలైంది, కాకపోతే ఇప్పుడు మాటలతో పోట్లాడుకుంటున్నాం, అదొక సుఖం. మా సంఘంలో దేనికైనా కృతజ్ఞతా కూడిక పెడతాం, కొత్త ఫ్రిజ్ వచ్చినప్పుడు కూడా పెట్టాం, పులావుతో సహా. ఆవిడకి మాత్రం ఆ కృతజ్ఞత మాట ఇంతవరకూ చెప్పలేదు. ఒకసారి కేకు చేసి పట్టుకెళ్ళి నోరు తెరవబోతే, "ఏటిది, నా బట్టల నీళ్ళు ఆపడానికి లంచమా?" అన్నారు. తెరిచిన నోరు అలాగే మూసుకుని, గుడ్డు వేయలేదు తినండి అని వచ్చేశాను. వేశాను, నిజానికి. ఆవిడకీ తెలుసు.

చప్పుడు ఆగింది. గొట్టం బుసకొట్టి, వణికి, కిటికీలోంచి వెనక్కి పాకిపోయింది. తొట్టి నిండింది, ఫ్యాన్ల గాలికి నీళ్ళు లైటు వెలుగును గోడమీదికి విసురుతున్నాయి. గంట కొట్టారు. అందరూ లేచి నిలబడ్డారు, సరిగ్గా అప్పుడే వెనక తలుపులోంచి లోవమ్మగారు, జరీ పట్టుచీరలో, చంకలో స్టీలు డబ్బాతో, చెప్పులు బయట విడిచారో లేదోనని తనకే అనుమానమొచ్చి కిందికి చూసుకుంటూ వచ్చి, వెనక ఖాళీలున్నా నేరుగా మొదటి బల్లకే వెళ్ళి కూర్చున్నారు. నేనే రమ్మన్నాను. ఎందుకు రమ్మన్నానో ఐజాక్‌కి చెప్పలేదు, నాకే తెలియదు. పాట అయింది, ప్రార్థన అయింది, అయ్యగారు నడుములోతు నీళ్ళలోకి దిగారు. ఒక్కొక్కరే దిగారు, మునిగారు, లేచారు. కుర్రాడొకడు ముక్కు మూసుకోవడం మరిచి దగ్గాడు. తరువాత తెల్లబట్టల్లో నా కూతురు, పైమెట్టు మీద, ఎప్పుడు ఇంత పొడుగైంది ఇది, పాదం పెట్టింది, దిగింది, మోకాలు, ఇంకో మెట్టు, నడుము, ఆగింది.

ఆగిపోయింది. అయ్యగారు చెయ్యి చాచి అలాగే ఉన్నారు, ఆయనకేం పనిలేదు, మాట మీద నిలబడ్డారు. దాని కళ్ళు నీళ్ళ అడుగున తూమును వెతుకుతున్నాయి, అది నాకొక్కదానికే తెలుసు. వేళ్ళు గోడ అంచును పట్టుకున్నాయి, తెల్లబడ్డాయి. ఎవరో స్తోత్రం అని గొణిగారు, ఐజాక్ చెయ్యి నా చెయ్యిని నలిపేస్తోంది, లేవాలా, వెళ్ళాలా, తట్టాలా, మళ్ళీ నేను మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నాను, తియ్యమ్మా బంగారం తియ్యమ్మా...

"ఏటే పిల్లా!" మొదటి బల్లలోంచి, మైకు అక్కర్లేని గొంతు. "మీ అమ్మలాగ తలుపుకి దండం ఎడతన్నావేటి? తన్నూ!"

అంతమంది తలలు ఒక్కసారి తిరిగాయి. అయ్యగారికి కళ్ళద్దాలు లేవు తుడుచుకోవడానికి. జెరూషా మొహం ముందు బిక్కచచ్చి, తరువాత పెదవి వణికి, ఏడుపేమో అనుకున్నాను, కాదు, నవ్వు, ముక్కులోంచి బుస్సుమని వచ్చింది, ఆ చాప మీద నవ్విన నవ్వే. గోడ అంచు వదిలేసింది. చేతులు కట్టుకుంది. అయ్యగారు అనాల్సిన మాటలు అని, నవ్వుతున్న దాన్ని నవ్వుతున్నట్టే వెల్లకిలా వాల్చారు, అప్పుడు చూశాను, అది కళ్ళు మూసుకుంది. నీళ్ళు దాని మొహం మీద కలుసుకున్నాయి. బుడగలు వచ్చాయి, లోపల కూడా నవ్వుతోంది మొద్దు. లేచింది. దగ్గింది, తుమ్మింది, మళ్ళీ నవ్వింది.

మెట్లెక్కి వచ్చి, రోసమ్మగారు పట్టుకు నిలబడ్డ తువ్వాలును దాటుకుని, చేతులు చాచిన నన్ను దాటుకుని, నేరుగా వెళ్ళి మొదటి బల్లలో లోవమ్మగారి మీద పడింది. ఆవిడ అప్పటికే డబ్బా మూత తీసి ఉన్నారు, చిమ్మిలి ఉండ ఒకటి దాని నోట్లోకి వెళ్ళింది. పిండకుండా దండెం మీద వేసిన దుప్పటిలా నా కూతురు ఆవిడ జరీ పట్టుచీర మీద ధారలు కట్టి కారుతోంది, భుజం మీంచి ఒడిలోకి, ఒడిలోంచి కుచ్చిళ్ళలోకి, కుచ్చిళ్ళలోంచి చర్చి నేల మీదికి. "తడిసిపోతున్నారు లోవమ్మగారూ," అన్నాను. చెప్పాల్సిన మాట అది కాదు, గొంతు దాకా వచ్చింది వేరేది. ఆవిడ నా మొహం చూశారు, చూసి, అంతా విన్నట్టే తల ఊపారు. "తడవనీ, మీ నీళ్ళే గదా," అన్నారు.

ఇన్నాళ్ళకి మా ఇంటి నీళ్ళు ఆవిడ మీద పడ్డాయి. రోసమ్మగారి చేతిలోంచి తువ్వాలు అందుకుని నేను వాళ్ళ వైపు నడిచాను, కానీ ఏమీ తొందరపడలేదు.